సముద్రం లేని ఊళ్ళకు ఒక తీరం

పిల్లలూ! దక్షిణ భారతదేశం పటం ఒకటి తీసి ముందు పరుచుకోండి. అందులో ఆదోని ఎక్కడున్నదో వెతకండి. దొరికిందా? ఇప్పుడు స్కేలు పెట్టి అక్కడినుంచి తూర్పున బంగాళాఖాతం దాకా ఒక గీత గీయండి. తర్వాత పడమట అరేబియా సముద్రం దాకా ఇంకొక గీత గీయండి. ఏ గీత కొలిచినా మూడువందల కిలోమీటర్లకు పైమాటే! కర్నూలు జిల్లా పడమటి కొసన ఉన్న ఆదోని, ఎమ్మిగనూరు రెండు సముద్రాలకూ అంతంత దూరాన ఉన్నాయన్నమాట.

విశాఖపట్నం పిల్లలు సాయంకాలం పూట సముద్రపుటొడ్డున గవ్వలు ఏరుకుంటారనీ, తెరచాప పడవలు చూస్తారనీ చదివినప్పుడు ఆదోని పిల్లలకు కొంచెం ఉడుకుమోతుతనం కలగటం సహజమే. "మాకేముంది? ఎటు చూసినా గుండ్లు, నల్లరేగడి చేలు. తీరమూ లేదు, పడవా లేదు!" అనుకుంటారు.

కాని అది నిజం కాదు. మీకూ ఒక తీరం ఉన్నది. అక్కడ ఇసుక ఉన్నది. ఒడ్డు వెంట నడవటానికి చోటున్నది. సముద్రం దగ్గరి పిల్లల్లో చాలామంది చూడని వింత పడవ కూడా ఉన్నది. అది తుంగభద్ర ఒడ్డు. మంత్రాలయం దగ్గర ఆ ఒడ్డుకు మనమీనెల ఒకసారి పోయి వద్దాం. పోయేముందు ఒక షరతు: అమ్మో, నాన్నో, ఈత వచ్చిన పెద్దవాళ్ళు ఒకరో మన వెంట ఉండాలి. ఎందుకో పోనుపోను మీకే తెలుస్తుంది.

దారిలో

ఎమ్మిగనూరు నుంచి మంత్రాలయం ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. బస్సెక్కితే కబుర్లు పూర్తికాకముందే దిగవచ్చు. ఆదోని నుంచి సుమారు యాభై కిలోమీటర్లు. ఆదోనివాళ్ళు రైలులో కూడా పోవచ్చు. రాయచూరు వైపు పోయే రైలెక్కితే కోసిగి దాటిన తర్వాత మంత్రాలయం రోడ్డు స్టేషను వస్తుంది. అక్కడ దిగి మళ్ళీ రోడ్డు మీద కొంత దూరం పోవాలి.

కిటికీలోంచి చూస్తే చేల మధ్య ఎవరో పెద్ద చేతులవాడు పేర్చి పెట్టినట్టు గుండు మీద గుండు కనిపిస్తుంది. వాటిని ఎవరూ పేర్చలేదు. అవి రెండువందల కోట్ల ఏళ్ళకు పైబడిన రాళ్ళు. భూమి లోపల ఉన్నప్పుడే వాటిలో నిలువుగా, అడ్డంగా బీటలు పడ్డాయి. ఆ బీటల్లోకి నీరు దిగి, మూలలనూ అంచులనూ కొద్దికొద్దిగా తినివేసింది. పై మట్టి వానలకు కొట్టుకుపోయేసరికి లోపలి గుండ్రని రాళ్ళు మిగిలాయి. ఎండకు వేడెక్కీ, రాత్రికి చల్లబడీ, వానకు తడిసీ ఈ గుండ్లు ఇంకా రాలుతూనే ఉన్నాయి. రాలిన పలుకులు వంకల్లో పడి, వంకల నుంచి ఏటిలో పడి, ఒకదానికొకటి రాసుకుని ఇసుక అవుతాయి. ఏటి ఒడ్డున మీరు గుప్పిట పట్టే ఇసుక ఇలాంటి గుండ్లకు మనవడన్నమాట.

సముద్రానికి వెన్ను చూపిన ఏరు

ఒడ్డుకు చేరాం. నీళ్ళు చూసే ముందు అవి ఎక్కడినుంచి వచ్చాయో తెలుసుకుందాం.

కర్ణాటకలో పడమటి కనుమల మీద గంగామూల అనే చోట తుంగ, భద్ర అనే రెండు ఏళ్ళు పుడతాయి. ఆ చోటికి అరేబియా సముద్రం ఎంతో దూరం లేదు. పటం మీద తిన్నగా కొలిస్తే యాభై కిలోమీటర్లు కూడా ఉండదు. కొండ దిగి పడమటికి పోతే ఒక్క రోజులో సముద్రంలో కలిసిపోవచ్చు. కాని నేల తూర్పుకు వాలి ఉన్నది. నీరు పల్లమెరుగు గదా! కనక ఆ రెండు ఏళ్ళూ పక్కనున్న సముద్రానికి వెన్ను చూపి తూర్పుదారి పట్టాయి. శివమొగ్గ దగ్గర కూడలి అనే ఊళ్ళో రెండూ కలిసి తుంగభద్ర అయ్యాయి.

అక్కడినుంచి హంపీ శిథిలాల పక్కగా, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల ఉత్తరపు అంచున, సుంకేసుల మీదుగా, కర్నూలు పట్నాన్ని ఒరుసుకుంటూ పోయి సంగమేశ్వరం దగ్గర కృష్ణలో కలుస్తుంది. మంత్రాలయం దగ్గర ఈవలి గట్టు ఆంధ్రప్రదేశ్, ఆవలి గట్టు కర్ణాటక. ఒక గట్టున "నీళ్ళు" అంటారు, రెండో గట్టున "నీరు" అంటారు. ఏరు మాత్రం ఒక్కటే.

ఈ ఊరికి పాతపేరు మంచాల. రాఘవేంద్రస్వామి 1671లో ఇక్కడ బృందావన ప్రవేశం చేశారు. ఆయనకు ఈ ఊరిని ఇచ్చినవాడు అప్పట్లో ఆదోనిని పాలించిన సిద్ధీ మసూద్ ఖాన్ అని చెబుతారు. ఆదోనిలోని పెద్ద జామియా మసీదు కట్టించినవాడు కూడా ఆయనే. ఆదోని కోటకూ ఈ ఏటి ఒడ్డుకూ అంత పాత చుట్టరికం ఉన్నది.

మీ చుట్టరికం ఇంకా దగ్గరిది. హోస్పేట దగ్గర తుంగభద్రకు కట్టిన ఆనకట్ట 1953లో పూర్తి అయింది. అక్కడినుంచి వచ్చే దిగువ కాలువ నీళ్ళు ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల పొలాలకు పారుతున్నాయి, దాహమూ తీరుస్తున్నాయి. పొద్దున మీరు తాగి వచ్చిన చెంబెడు నీళ్ళు ఈ ఏటివే కావచ్చు.

ఒడ్డును చదవటం

ఏటి ఒడ్డున నడవటానికి మంచి కాలం కార్తీకం నుంచి మాఘం దాకా. అప్పటికి వరద తగ్గి నీళ్ళు తేటపడతాయి. ఎండా మండదు. వానాకాలంలో ఏరు ఎర్రగా, నిండుగా ఉంటుంది. అప్పుడు దూరం నుంచి చూసి దండం పెట్టటమే మంచిది. నడివేసవిలో చాలాచోట్ల రాళ్ళూ ఇసుకా తేలి, మధ్యమధ్య మడుగులు మాత్రమే మిగులుతాయి.

ఒడ్డు వెంట నడుస్తూ ఏటిని పుస్తకంలాగా చదవవచ్చు. ఏరు వంపు తిరిగిన చోట నిలబడి చూడండి. వంపు లోపలివైపు ఇసుక తిన్నె ఉంటుంది. బయటివైపు గట్టు నిట్టనిలువుగా కోసుకుపోయి ఉంటుంది. ఎందుకంటే, వంపు తిరిగేటప్పుడు బయటివైపు నీరు వడిగా పరుగెత్తి గట్టును కోస్తుంది. లోపలివైపు నీరు నెమ్మదించి, తాను మోసుకొచ్చిన ఇసుకను దించివేస్తుంది. కనక ఇసుక ఉన్నవైపు లోతు తక్కువ, గట్టు కోసిన వైపు లోతు ఎక్కువ. ఒకే ఏరు, ఒకే చోట, ఈ గట్టున మోకాలి లోతు, ఆ గట్టున ఏనుగు లోతు!

నీళ్ళ మధ్య పెద్ద గుండు ఉన్నచోట ఇంకొక వింత చూడవచ్చు. ప్రవాహం గుండును రెండుపక్కలా ఒరుసుకుంటూ పోతుంది. గుండుకు దిగువన మాత్రం కొంతమేర నీళ్ళు దాదాపు నిలిచి ఉంటాయి. ఒక ఎండుటాకు వేసి చూడండి. కిందికి పోవటానికి బదులు మెల్లగా తిరిగి గుండు వైపుకే వస్తుంది. పెనుగాలిలో గోడచాటున నిలబడినట్టు చేపపిల్లలు ఆ గుండుచాటున నిలబడి ఉంటాయి. వాటికోసం కొంగలు, నీటికాకులు, లకుముకి పిట్టలు కాచుకుని ఉంటాయి. లకుముకి పిట్ట కొమ్మ మీద కదలకుండా కూర్చుని ఒక్కసారిగా బాణంలా నీళ్ళలోకి దూకటం చూస్తే మీరు చప్పట్లు కొట్టకుండా ఉండలేరు. కాని కొట్టకండి. దాని వేట చెడుతుంది.

ఇసుక మీద అడుగుజాడలు వెతకండి. పిట్టవేవి, పీతవేవి, కుక్కవేవి అని పందెం వేసుకోవచ్చు. తుంగభద్రలో నీటికుక్కలు కూడా ఉన్నాయి. వేళ్ళ మధ్య బాతుకున్నట్టు పొర ఉండే జంతువులివి. చేపలను తిని బతుకుతాయి. గుంపులు గుంపులుగా ఈదుతూ పిల్లల్లాగే ఒకదానితో ఒకటి ఆడుకుంటాయి. వాటిని కాపాడటానికి కర్ణాటక ప్రభుత్వం 2015లో హోస్పేట ఆనకట్టకు దిగువన సుమారు 34 కిలోమీటర్ల పొడవున తుంగభద్రను రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. మీకు ఒక్క నీటికుక్క కనపడినా ఆ రోజు మీ అదృష్టమే.

ముందూ వెనకా లేని పడవ

అదుగో, నీళ్ళ మీద పెద్ద గంపలాంటిదేదో తేలుతూ వస్తున్నది. అందులో ఒక పెద్దాయన ఒకే తెడ్డుతో నీళ్ళను తనవైపు లాక్కుంటూ కూర్చున్నాడు. అదే పుట్టి. కొందరు అరిగోలు అనికూడా అంటారు.

ఎమ్మిగనూరు పిల్లలకు మగ్గం కొత్తకాదు. 1938లో మాచాని సోమప్పగారు నేతపనివారి సహకార సంఘం స్థాపించిన ఊరది. పుట్టి అడుగు చూస్తే మీకు మగ్గమే గుర్తుకువస్తుంది. వెదురు బద్దలను ఒకదాని కిందనుంచి ఒకదాన్ని పోనిచ్చి అల్లుతారు. పడుగూ పేకా ఒకదాన్నొకటి పట్టుకున్నట్టే బద్దలు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఒక్క మేకు ఉండదు. అంచు చుట్టూ బద్దలను కట్టలుగా చేర్చి లావుగా బిగిస్తారు. పూర్వం దీనికి బయట పశువుల తోలు కప్పేవారు. ఇప్పుడు మందపాటి ప్లాస్టిక్ పట్టా కప్పి తారు పూస్తున్నారు. అంతే, పడవ తయారు! పని అయిపోయిన తర్వాత దాన్ని నెత్తిన బోర్లించుకుని ఇంటికి పోవచ్చు. దూరం నుంచి చూసేవాళ్ళకు పెద్ద తాబేలు రెండు కాళ్ళ మీద నడిచిపోతున్నట్టుంటుంది.

పుట్టికి ముందూ లేదు, వెనకా లేదు. కనకనే దానికొక చిలిపి గుణం ఉన్నది. తెడ్డు ఒకపక్క వేస్తే అది ముందుకు పోకుండా గుండ్రంగా తిరుగుతుంది. పొడవాటి పడవ తిరగాలంటే తన పక్కనున్న నీళ్ళన్నిటినీ తోసుకుంటూ తిరగాలి. కనక తొందరగా తిరగదు. గుండ్రని పుట్టికి ఆ అడ్డు లేదు. అందుకని పుట్టి నడిపేవాడు పక్కన కూర్చోడు. తాను పోవలసిన వైపు అంచున కూర్చుని, ముందున్న నీళ్ళను కుడినుంచీ ఎడమనుంచీ మార్చిమార్చి తనవైపు లాక్కుంటాడు. చూడటానికి తేలిక. చెయ్యబోతే బొంగరమే!

మరి దీనికి తెరచాప ఎందుకు కట్టరు? సముద్రం మీద తెరచాపతో పోయే పడవల్లో చాలావాటికి అడుగున నీళ్ళలోకి దిగిన పలక ఉంటుంది. గాలి పక్కనుంచి తోసినప్పుడు ఆ పలక నీళ్ళను పట్టుకుని పడవను పక్కకు జారనివ్వదు. పుట్టి అడుగు చదును. పట్టుకునేందుకు ఏమీ లేదు. తెరచాప కడితే గాలి ఎటు తోస్తే అటే పోతుంది. అందుకే గాలి జోరుగా ఉన్న రోజున పుట్టిని గట్టునే బోర్లించి పెడతారు.

కాని ఆ చదును అడుగే పుట్టి గొప్పతనం. లెక్క చూద్దాం. అడుగు రెండు మీటర్ల వెడల్పున్న గుండ్రని పుట్టి అనుకోండి. దాని వైశాల్యం 3.14 చదరపు మీటర్లు. అది ఒక్క సెంటీమీటరు నీళ్ళలోకి దిగితే సుమారు 31 లీటర్ల నీళ్ళను పక్కకు తోస్తుంది. ఆ నీళ్ళ బరువు 31 కిలోలు. తేలే వస్తువు తన బరువుకు సరిపడా నీళ్ళను తోస్తుందని ఆర్కిమిడీస్ చెప్పాడు గదా! మీలో అయిదో తరగతి చదివే పిల్లవాడు ఇంచుమించు అంత బరువే ఉంటాడు. అంటే ఒక్కొక్క పిల్లవాడు ఎక్కినకొద్దీ పుట్టి ఒక్కొక్క సెంటీమీటరు మాత్రమే దిగుతుందన్నమాట! కనకనే నీళ్ళ కింద గుండ్లు పొంచి ఉండే తుంగభద్రలో, లోతైన అడుగున్న పడవలు తగులుకునే చోట కూడా పుట్టి చులాగ్గా సాగిపోతుంది.

"అయితే పదిమందిమి ఎక్కినా పది సెంటీమీటర్లే దిగుతుంది. ఇరవైమంది ఎక్కవచ్చు!" అని తొందరపడకండి. ఆ లెక్క అందరూ కదలకుండా, సమంగా కూర్చున్నప్పటిది. నలుగురు ఒక్కసారిగా ఒకవైపు ఒరిగితే అటువైపు అంచు నీళ్ళలో మునుగుతుంది. ఒకరు లేచి నిలబడితే బరువు పైకి లేచి పుట్టి ఊగుతుంది. పుట్టి నడిపే పెద్దాయన ఎక్కే ముందే చెబుతాడు:

"యాడ కూచున్నోళ్ళు ఆడనే కూచోవల్ల నాయనా. చేప కనపడిందని లేసేది లేదు, ఫోటో అని వంగేది లేదు. నా మాట ఇంటేనే ఎక్కండి."

"వింటాం పెద్దయ్యా!" అని ఎక్కండి. ఒంటికి సరిపోయే లైఫ్ జాకెట్టు కట్టుకోనిదే మాత్రం ఎక్కవద్దు. ఈత వచ్చినవాళ్ళు కూడా.

బోలెడు వయసున్న గంప

ఈ పుట్టి ఈనాటిది కాదు. శ్రీకృష్ణదేవరాయల కాలంలో, 1520 ప్రాంతంలో, డొమింగో పేస్ అనే పోర్చుగీసు యాత్రికుడు విజయనగరం చూడవచ్చాడు. అతను ఇదే తుంగభద్రను అక్కడ పుట్టిలో దాటటం చూసి వ్రాసిపెట్టాడు. ఆ పడవలు గంపల్లాగా గుండ్రంగా ఉంటాయనీ, లోపల బద్దల అల్లిక, బయట తోలు అనీ, పదిహేను ఇరవైమంది ఎక్కుతారనీ, అవసరమైతే గుర్రాలనూ ఎద్దులనూ కూడా దాటిస్తారనీ చెప్పాడు. అవి ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయని కూడా వ్రాశాడు. ఐదువందల ఏళ్ళయినా పుట్టి తన చిలిపితనం మానుకోలేదు!

అంతకుముందు ఇంకా రెండువేల ఏళ్ళకు వెనక్కు పోదాం. గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ బాబిలోన్ నగరానికి ఏటి మీద వచ్చే గుండ్రని తోలు పడవలను గురించి వ్రాశాడు. వాటి నిండా సరుకుతోపాటు ఒక గాడిద కూడా ఉండేదట. పడవలో గాడిద ఎందుకు? ప్రవాహానికి ఎదురుగా ఆ పడవ పోలేదు. కనక వర్తకులు బాబిలోన్‌లో సరుకూ, పడవ చట్రమూ అమ్మివేసి, తోలు మాత్రం మడిచి గాడిద మీద వేసుకుని, నడిచి ఇంటికి పోయేవారట. ఎంత యుక్తి!

ఇంగ్లండు పక్కనున్న వేల్స్ దేశంలోనూ చిన్న చిన్న పుట్టిలున్నాయి. అక్కడి జాలరులు వాటిని వీపున వేసుకుని ఏటికి పోయేవారు. వియత్నాం సముద్రపుటొడ్డున జాలరులు ఈనాటికీ వెదురు గంప పడవల్లో అలల మీద పోతారు. ఒకరినొకరు ఎరగని మనుషులు ఎక్కడెక్కడో ఒకే ఉపాయం కనిపెట్టారు. చేతిలో వెదురో, కొమ్మలో, తోలో ఉండి, ఎదురుగా నీళ్ళున్నప్పుడు మనిషి బుద్ధి ఒకే దారిన పోయిందన్నమాట.

ఏటికి కోపం వస్తే

పుట్టి దిగి ఇసుకలో కూర్చున్నాం. తెచ్చుకున్న సద్ది విప్పుకుందాం. తింటూ పెద్దాయన చెప్పే మాటలు వినండి. ఈ ప్రయాణంలో మీరు మూటకట్టుకోవలసినవి ఇవే.

"ఏరు చెప్పి రాదు నాయనా. ఈడ మబ్బు లేకపోయినా ఆడ వాన పడితే సాలు."

నిజమే. పైన కనుమల్లో వాన కురిసి, హోస్పేట దగ్గర గేట్లు ఎత్తితే, ఇక్కడ ఆకాశం తేటగా ఉన్నా ఏరు పొంగుతుంది. 2009 అక్టోబరు మొదట్లో వచ్చిన వరదను మీ అమ్మానాన్నలను అడగండి. మంత్రాలయం వీధులు మునిగాయి. కర్నూలు పట్నం మునిగింది. నాగలదిన్నె దగ్గర వంతెనే కొట్టుకుపోయింది. 2024 ఆగస్టు 10 రాత్రి హోస్పేట ఆనకట్టకున్న 33 గేట్లలో 19వ దాని గొలుసు తెగి, గేటు కొట్టుకుపోయింది. దిగువన ఉన్న ఊళ్ళన్నిటికీ హెచ్చరికలు పోయాయి. ఇంజనీర్లు పారే నీళ్ళలోనే ఇనుప పలకలు ఒకదాని మీద ఒకటి దించి వారం రోజుల్లో ఆ ఖాళీ మూశారు. కనక ఒడ్డుకు పోయేముందు గేట్లు ఎత్తారేమో తెలుసుకోవాలి. ఏటి మధ్య రాతి మీద కూర్చుని ఉండగా నీళ్ళ రంగు మారినా, చెత్త కొట్టుకువస్తున్నా, తడి గీత పైకి జరుగుతున్నా వెంటనే గట్టెక్కాలి. చెప్పులు మరచిపోయామని వెనక్కు పోకూడదు.

"నీళ్ళు తేటగా ఉండాయని దిగితే మోసపోతావు."

ఇదీ నిజమే. దీనికి ఇంట్లోనే సాక్ష్యం చూడవచ్చు. ఒక గిన్నెలో రూపాయి బిళ్ళ వేయండి. గిన్నె అంచు చాటున బిళ్ళ కనపడకుండా పోయేదాకా మీ తల కొంచెం వెనక్కు జరపండి. అక్కడే ఉండి, చెల్లెలిని గిన్నెలో నీళ్ళు పోయమనండి. కనపడని బిళ్ళ కనపడుతుంది! బిళ్ళ పైకి రాలేదు. నీళ్ళలోంచి గాలిలోకి వచ్చేటప్పుడు వెలుగు వంగటం వల్ల అడుగు పైకి లేచినట్టు తోస్తుంది. తిన్నగా పైనుంచి చూసినా నాలుగడుగుల లోతు మూడడుగులుగానే కనపడుతుంది. "నా నడుము దాకానే గదా!" అని దిగిన పిల్లవాడికి నీళ్ళు గుండె దాకా వస్తాయి. ఏటవాలుగా చూస్తే లోతు ఇంకా తక్కువగా తోస్తుంది. పైగా ఇసుక తవ్విన చోట నిలువెత్తు గుంతలుంటాయి. నీళ్ళు వాటిని నింపి పైన సమంగా కప్పివేస్తాయి. ఒక అడుగు మోకాలి లోతు, రెండో అడుగు గుంతలో! కొన్ని మడుగుల్లో మొసళ్ళు కూడా ఉంటాయి. ఎక్కడ దిగాలో ఆ ఊరివాళ్ళకు తెలుసు. వాళ్ళు చూపించని చోట దిగకూడదు.

ప్రవాహంలో లెక్క ఇంకొకటి ఉంది. నీళ్ళ వేగం రెండింతలయితే అవి మిమ్మల్ని తోసే బలం రెండింతలు కాదు, నాలుగింతలు. మోకాలి లోతు ప్రవాహమయినా వడిగా ఉంటే పెద్దవాణ్ణి పడగొడుతుంది. దానికి పాచిపట్టిన గుండు తోడైతే చెప్పనక్కరలేదు.

"ఎవురన్నా మునుగుతాంటే, నువ్వు దూకొద్దు. ఏదన్నా ఇసురు."

ఇది అన్నిటికంటె ముఖ్యమైన మాట. స్నేహితుడు మునిగిపోతుంటే చూస్తూ ఊరుకోవటం ఎలా అని మీకు తోస్తుంది. కాని మునిగేవాడు భయంతో దొరికినదాన్ని గట్టిగా పట్టుకుంటాడు. దూకినవాణ్ణీ పట్టుకుంటాడు. ఒకరికి ఇద్దరు పోతారు. స్నేహితుణ్ణి కాపాడాలనుకున్నవాడు ముందు గట్టిగా కేకవేసి పెద్దవాళ్ళను పిలవాలి. గట్టు మీద బోర్లా పడుకుని పొడుగాటి కర్ర అందించాలి. తువ్వాలో, చున్నీయో, తాడో విసరాలి. మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ డబ్బా విసిరినా చాలు, దాన్ని పట్టుకుని మనిషి తేలుతాడు. ధైర్యమంటే దూకటం ఒక్కటే కాదు. ఏం చెయ్యాలో గుర్తుంచుకోవటం కూడా ధైర్యమే.

పెద్దలకు ఒక మాట. మన తాతలు పిల్లలకు నడుముకు ఈతబెండ్లు కట్టి, తాము పక్కన ఉండి, దిగుడుబావుల్లో ఈత నేర్పేవారు. "నీళ్ళ దగ్గరికి పోవద్దు" అంటే పిల్లలు చాటుగా పోతారు. "రా, నేను నేర్పిస్తాను" అంటే మీ ముందే నేర్చుకుంటారు. రెండో మాటే మేలు.

ఇంటికి పోయి చెయ్యండి

తొట్టిలో నీళ్ళు నింపి ఒక చిన్న స్టీలు గిన్నె తేలవేయండి. అది మీ పుట్టి. లోపల సమంగా బిళ్ళలు పేర్చి ఎన్నింటికి ఎంత దిగిందో గీత పెట్టుకోండి. అవే బిళ్ళలను ఒకవైపు చేర్చండి. ఏమయింది? మళ్ళీ సర్ది, గిన్నె పక్కన చెంచాతో నీళ్ళను తొయ్యండి. గిన్నె తిరుగుతుంది. అరటి దొప్ప ఒకటి తెచ్చి దానితోనూ అలాగే చేసి చూడండి. పెద్దాయన తెడ్డు ముందే ఎందుకు వేస్తాడో మీ చెయ్యే మీకు చెబుతుంది.

పొద్దు వాలుతున్నది. లేచే ముందు మీరు తిన్న పొట్లాలూ, సీసాలూ ఏరి సంచిలో వేసుకోండి. ఈ నీళ్ళు దిగువన ఇంకా ఎందరో తాగాలి. సుంకేసుల దగ్గర కర్నూలు–కడప కాలువలోకి కొన్ని తిరుగుతాయి. 1860ల్లో ఆ కాలువను పొలాలకోసమే కాక పడవలు నడపటానికి కూడా తవ్వారు. మిగిలినవి కృష్ణలో కలిసి, శ్రీశైలం, నాగార్జునసాగరం, విజయవాడ దాటి, హంసలదీవి దగ్గర బంగాళాఖాతంలో కలుస్తాయి.

ఇప్పుడు మళ్ళీ పటం చూడండి. ప్రతి ఏడూ జ్యేష్ఠమాసంలో అరేబియా సముద్రం నుంచి లేచిన మబ్బులు పడమటి కనుమలను తాకి వాన కురుస్తాయి. ఆ వానే తుంగ, ఆ వానే భద్ర. పడమటి సముద్రం నీళ్ళను మోసుకుపోయి తూర్పు సముద్రానికి అప్పగించే ఏరు మన తుంగభద్ర. ఆ ప్రయాణంలో అది మీ ఊళ్ళ పక్కనుంచే పోతున్నది. ఏ సముద్రమూ మీకు దగ్గర లేదన్నారు గదా! రెండు సముద్రాలనూ కలిపే దారి మీ ఊరి పక్కనే ఉన్నది.